గొడవా? జబ్బా? రెండూనా?

ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను, నాలుగూ బెంగళూరు నుంచే. ఎవరూ గుర్తుపట్టకుండా ఊళ్ళూ ఉద్యోగాలూ కొంచెం మార్చాను. ఏ ఉత్తరం చదివినా నేను ముందు చూసేది ఒకటే. ఇది కూర్చుని మాట్లాడుకుంటే తేలే గొడవా, డాక్టరు చూడాల్సిన జబ్బా, లేక రెండూ కలగాపులగం అయిపోయాయా? మన ఇళ్ళల్లో ఇది తరచూ తారుమారవుతుంది. జబ్బు చేసినవాళ్ళకి నీతులు చెబుతాం, గొడవ పడుతున్నవాళ్ళకి నిద్రమాత్రలు తెచ్చిస్తాం.

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్ళు. మారతహళ్ళిలో పీజీలో ఉంటాను, మాది ప్రకాశం జిల్లాలో పల్లెటూరు. మార్చిలో ఆఫీసులో పనితీరు బాగోలేదు, మెరుగుపడు అని గడువిచ్చే పీఐపీలో పెట్టారు, తర్వాత నువ్వే రిజైన్ చెయ్ అన్నారు, చేశాను. ఇంట్లో చెప్పలేదు. చెల్లి పెళ్ళికి చేసిన అప్పుంది, నెలనెలా నాన్నకి పాతిక వేలు పంపాలి. మొదట దాచుకున్నదాంట్లోంచి పంపాను, ఇప్పుడు లోన్ యాప్‌లో తీసి పంపుతున్నా. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయటికి పోతా, పీజీలో ఎవరికీ అనుమానం రాకూడదని. తెల్లవారుజామున మూడు దాటితే గానీ నిద్ర పట్టదు. నేను క్రికెట్ పిచ్చోణ్ణి, ఈసారి ఐపీఎల్ ఒక్క మ్యాచ్ చూడబుద్ధి కాలేదు. ఇంటర్వ్యూ కాల్ వస్తే ఫోన్ ఎత్తాలంటే భయం. నంది హిల్స్ పోదాం, రెండు బీర్లు కొడితే సెట్ అవుతావు అంటారు ఫ్రెండ్స్. ఒక్కోసారి ఇదంతా లేకుండా పోతే బాగుండు అనిపిస్తుంది. నేను బద్ధకస్తుణ్ణి అయిపోయానా?

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్న తర్వాత చూద్దాం, దానికి ముందు రాసిన వాక్యం నన్ను పట్టుకుంది. ఇదంతా లేకుండా పోవడం అంటే ఏమిటి? ఈ అప్పూ ఈ అబద్ధమూ లేకుండా పోవడమా, నువ్వే లేకుండా పోవడమా? సూటిగా ఎందుకు అడుగుతున్నానంటే, ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది జంకుతారు, అదేం ఉండదు, అడిగితే అవతలి మనిషికి కాస్త ఊపిరాడుతుంది. నీ మనసులో ఉన్నది రెండోదే అయితే పత్రిక పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు, భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు. ఎలా చనిపోవాలో అన్నంతవరకూ ఆలోచన వెళ్ళి ఉంటే ఆ రాత్రి ఒంటరిగా ఉండకు. పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి లేపు, తోడు తీసుకుని ఎమర్జెన్సీకి వెళ్ళు. పీజీ రూమ్మేట్‌తో పెద్ద పరిచయం లేదు కదా అని ఆగొద్దు, ఇలాంటి సమయంలో పరిచయం లేనివాడు కూడా లేచి వస్తాడు.

ఇక బద్ధకం సంగతి. బద్ధకస్తుడు హాయిగా పడుకుంటాడు, ఐపీఎల్ చూస్తాడు, బిరియానీ ఆర్డర్ పెట్టుకుంటాడు. ఇష్టమైనవాటి మీద కూడా ఇష్టం పోవడం, నిద్ర చెడిపోవడం, ఫోన్ మోగితే వణుకు, నేను పనికిరానివాణ్ణి అన్న మాట తలలో తిరుగుతూ ఉండటం, ఇవి రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకు పైగా ఉన్నాయంటే డాక్టర్లు డిప్రెషన్ ఉందేమో అని చూస్తారు. నీకు రెండు వారాలు ఎప్పుడో దాటిపోయాయి. ఉందో లేదో ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. చూపించుకోవాల్సిన పరిస్థితి మాత్రం వచ్చింది.

ఎక్కడికి వెళ్ళాలి అంటావా, నువ్వున్న ఊళ్ళోనే హోసూరు రోడ్డు మీద మనసుకీ మెదడుకీ వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి జనం రాత్రి బస్సెక్కి పొద్దున్నకి అక్కడ లైన్లో నిలబడతారు, నువ్వు సిటీలో ఉండి వెళ్ళడానికి మొహమాటపడుతున్నావు. ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రికి వెళ్ళాడంటారని భయమా? ఫిట్స్‌కీ, పక్షవాతానికీ, తలకి దెబ్బ తగిలినవాళ్ళకీ కూడా వైద్యం అక్కడే, ఆ లైన్లో ఎవరు దేనికి నిలబడ్డారో ఎవరికీ తెలియదు. ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి ఖర్చు తక్కువ, కాకపోతే మొదటి రోజు చాలాసేపు పడుతుంది, పొద్దున్నే వెళ్ళు, రోజంతా దానికే అనుకుని వెళ్ళు. మందులు రాస్తే నాలుగు రోజులు వాడి ఏమీ తేడా లేదని పారేసేవాళ్ళు చాలామంది. డిప్రెషన్ మందులకి పని చూపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఈలోపు కడుపులో తిప్పినట్టు ఉండొచ్చు, అది డాక్టరుకి చెప్పాలి గానీ మనంతట మనం ఆపేయకూడదు. బీరు సంగతి కూడా చెప్పేస్తాను. తాగిన రాత్రి నిద్ర త్వరగా పట్టినట్టే ఉంటుంది, నడిరాత్రి మెలకువ వస్తుంది, మర్నాడు మనసు ఇంకా కిందికి పోతుంది. నంది హిల్స్‌కి పో, బీరు లేకుండా పో.

అయితే మందు నీ అప్పు తీర్చదు. ఇక్కడిదాకా జబ్బు మాట, ఇక రెండో సగం. నాకు అర్థమైనంతలో నిన్ను ఎక్కువగా తినేస్తున్నది ఉద్యోగం పోవడం కాదు, పోలేదని రోజూ నటించడం. పొద్దున బ్యాగు తగిలించుకున్న దగ్గర్నుంచి రాత్రి అమ్మ ఫోన్‌లో భోజనం అయిందా నాన్నా అని అడిగేదాకా నటనే. దానికి మళ్ళీ యాప్ వడ్డీ కడుతున్నావు. వచ్చే నెల డబ్బు పంపకు. అబద్ధం చెప్పి ఆపమనడం లేదు, నిజం చెప్పి ఆపు.

నాన్నకి ఎలా చెప్పాలి అన్నదే కదా నీ గొంతులో అడ్డం పడింది. వాట్సాప్‌లో పెట్టకు, ఊరికి వెళ్ళి నలుగురి ముందూ చెప్పకు. ఆయన పొలం నుంచి వచ్చి స్నానం చేసి కూర్చునే వేళ నీకు తెలిసే ఉంటుంది, అప్పుడు ఫోన్ చెయ్. "నాన్నా, మార్చిలో నా ఉద్యోగం పోయింది. మీరు కంగారు పడతారని చెప్పలేదు. కొత్తది వెతుకుతున్నా. కొన్ని నెలలు డబ్బు పంపలేను. నాకు ఒంట్లో కూడా బాగుండటం లేదు, డాక్టరుకి చూపించుకుంటున్నా." అంతే, ఈ వరసలోనే చెప్పు. సంజాయిషీలు పెట్టకు, కంపెనీ రాజకీయాలు ఆయనకి అర్థం కావు. ఆయన అరవొచ్చు. మొదటి పది నిమిషాల్లో తండ్రి ఏమన్నా లెక్కలోకి తీసుకోకు, భయపడ్డ మనిషి అరుస్తాడు, మర్నాడు అమ్మచేత ఫోన్ చేయిస్తాడు. అప్పు ఇచ్చినాయన దగ్గరికి వెళ్ళి నాలుగు నెలలు గడువు అడగటం నీకంటే ఆయనకే బాగా వచ్చు, ఆ అవకాశం ఆయనకి ఇవ్వు. యాప్ అప్పు ఎంత, వడ్డీ ఎంత, కట్టాల్సిన తేదీ ఎప్పుడు, ఇవన్నీ కాగితం మీద రాసి ఒక్క మనిషికైనా చూపించు, బావగారికైనా సరే. వసూలు చేసేవాళ్ళు నీ ఫోన్లో ఉన్న నంబర్లకి ఫోన్ చేసి పరువు తీస్తామంటే అది నేరం, పోలీసులకి చెప్పు. ఇంకో యాప్‌లో తీసి ఈ యాప్‌కి కట్టకు.

ప్రశ్న: అమ్మా, నాకు 61. మాది బాపట్ల దగ్గర పల్లె. మా అబ్బాయి, కోడలు ఇద్దరికీ వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగాలు. మనవరాలు పుట్టినప్పుడు వచ్చాను, ఇప్పుడు దానికి రెండున్నర ఏళ్ళు, నేను ఇక్కడే ఉన్నాను. ఆయన ఊళ్ళో ఒక్కరే, గేదె, పొలం చూసుకోవాలి, వండుకోవడం రాదు, పొద్దున వండిందే రాత్రికీ తింటారు. ఇక్కడ పదకొండో అంతస్తు. పిల్ల పడుకుంటే పలకరించే దిక్కు లేదు. కోడలు మంచిదే, ఒక్క మాట అనదు, కానీ మాట్లాడదు కూడా, ఇద్దరూ చెవుల్లో అవి పెట్టుకుని ఉంటారు. మోకాళ్ళ నొప్పులు, పిల్లని ఎత్తలేకపోతున్నా. ఊరెళ్తానంటే అబ్బాయి మొహం మాడ్చుకుంటాడు. మనవరాలిని చూసుకోవడం భారం అనుకునే నేనేం నాయనమ్మని అని నాకే సిగ్గుగా ఉంది. ఈమధ్య ఊరికే ఏడుపొస్తోంది.

జవాబు: పెద్దమ్మా, మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండున్నరేళ్ళుగా సెలవు లేని ఉద్యోగం చేస్తున్నారు, జీతం లేదు, ఆదివారం లేదు, పైగా మొగుడూ పెళ్ళాలని రెండు ఊళ్ళలో పెట్టేశారు. వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంటు పార్కుకైనా సాయంత్రం వెళ్ళి చూస్తే ఉయ్యాల దగ్గర కూర్చున్న పెద్దవాళ్ళలో సగం మంది కథ ఇదే. ఎవరూ బయటికి అనరు, అంటే కొడుకు పరువు పోతుందని.

మీ ఉత్తరంలో నాకు జబ్బు కంటే గొడవే ఎక్కువ కనిపిస్తోంది. గొడవ అంటే అరుచుకోవడం కాదు, తేల్చుకోవాల్సింది తేల్చుకోకుండా రెండున్నరేళ్ళు నెట్టుకొచ్చారు. మీరు వచ్చేటప్పుడు ఎన్నాళ్ళకి అని ఎవరూ అనుకోలేదు. పురుడు అన్నారు, తర్వాత అన్నప్రాశన అన్నారు, తర్వాత నడక వచ్చేదాకా అన్నారు, ఇప్పుడు స్కూల్లో వేసేదాకా అంటారు. తేదీ లేని పని ఎప్పటికీ అవదు. అందుకని మీ అబ్బాయితో మాట్లాడేటప్పుడు నాకు ఇక్కడ బాగోలేదురా అనకండి, అది విన్నవాడు కోడలు ఏమైనా అందా అని అటు వెళ్ళిపోతాడు. తేదీ చెప్పండి. "సంక్రాంతికి వెళ్తాను, వెళ్ళి రెండు నెలలు మీ నాన్న దగ్గర ఉంటాను, ఆ రెండు నెలలకి పిల్లని ఎవరు చూస్తారో ఇప్పటినుంచే చూసుకోండి." ఇది కోడలు ఉన్నప్పుడు ఇద్దరికీ కలిపి చెప్పండి, కొడుకుతో చాటుగా చెబితే ఆ అమ్మాయికి వేరేలా చేరుతుంది. మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి, వాడు పసివాడిగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు మాడ్చుకోలేదు?

ఈ పేజీ మీ అబ్బాయి చదువుతాడని అనుకుని రెండు ముక్కలు. బాబూ, ఇంట్లో అమ్మ ఉంది కదా అని డే కేర్ ఖర్చు మిగిలింది నీకు. ఆ ఖర్చు ఎవరు కడుతున్నారో చూశావా? అక్కడ మీ నాన్న చల్లారిన అన్నం తింటూ కడుతున్నాడు. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు పిల్లల్ని చూసుకునే క్రెష్ సౌకర్యం ఇవ్వాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు, మీ ఆఫీసులో అది ఎక్కడుందో, ఎలా ఇస్తారో హెచ్ఆర్‌ని అడగండి. సగం రోజు క్రెష్, సగం రోజు నాయనమ్మ అనుకున్నా అమ్మ మోకాళ్ళకి చాలా తెరిపి. ఇంకోటి, వారంలో ఒక రోజు పిల్ల పని అంతా మీ ఇద్దరిదే, ఆ రోజు అమ్మకి వంట కూడా లేదు. అలసిపోయి ఉంటారు నిజమే, శనివారం పన్నెండింటిదాకా పడుకోవాలని ఉంటుంది నిజమే, ఆమెకీ ఉంటుంది.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను పెద్దమ్మా. ఈలోగా ఆ పదకొండో అంతస్తు దిగండి. కన్నడం రాదని ఆగకండి, ఈ ఊళ్ళో తెలుగు తెలిసినవాళ్ళకి కొదవ లేదు, కూరగాయల బండి అతనికీ పనమ్మాయికీ కూడా వచ్చే అవకాశమే ఎక్కువ. సాయంత్రం పిల్లని తీసుకుని ఒకే వేళకి, ఒకే బెంచీ మీద కూర్చోండి, వారం తిరిగేసరికి ఎవరో ఒకరు మీదేవూరు అంటారు. ఇంటి తాళం చెవి మీ దగ్గర ఒకటి ఉండాలి, చేతిలో కొంత డబ్బుండాలి, కొడుకుని అడిగి తీసుకునేది కాకుండా. పెద్దాయనకి రోజూ వీడియో కాల్‌లో మనవరాలిని చూపించడంతో సరిపెట్టకండి, పిల్ల పడుకున్నాక మీరిద్దరే ఒక పావుగంట మాట్లాడుకోండి. గేదె ఎన్ని పాలిస్తోందో అడగండి, అదే చాలు.

ఏడుపు సంగతి మాత్రం వదిలేయొద్దు. మోకాళ్ళకి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ ఊరికే ఏడుపు రావడం, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో కూడా చెప్పండి. థైరాయిడ్ తేడా, విటమిన్ బి12 తక్కువ కావడం, రక్తం తక్కువ ఉండటం, వీటివల్ల కూడా నీరసమూ దిగులూ వస్తాయి, ఒక రక్త పరీక్షతో తెలిసిపోతుంది. ఊరెళ్ళి నెల రోజులు పెద్దాయన దగ్గర ఉన్నాక కూడా ఏడుపు తగ్గకపోతే అప్పుడు గొడవతో పాటు జబ్బు కూడా ఉందన్నమాట, సైకియాట్రిస్టుకి చూపించుకోవాలి.

ప్రశ్న: మేడమ్, మా ఆవిడకి కాన్పు కడపలో పుట్టింట్లో అయింది. బాబుకి మూడో నెల రాగానే బెంగళూరు తీసుకొచ్చాను. తను రాత్రంతా మేలుకుని బాబు ఊపిరి తీస్తున్నాడా లేదా అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తుంది. నేను మంచి తల్లిని కాను, బాబు వేరేవాళ్ళకి పుట్టాల్సింది అని ఏడుస్తుంది. అన్నం సరిగా తినదు. మా అత్తగారు బాలింత, గాలి తగిలింది అని తాయెత్తు కట్టించారు. మా అమ్మ, మేము పదిమందిని కనలేదా, ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదు అంటుంది. నాకేం చేయాలో తెలియడం లేదు.

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బు కావడానికే అవకాశం ఎక్కువ. ఈ వారమే డాక్టరుకి చూపించండి. కాన్పు అయిన మూడో నాలుగో రోజు నుంచి తల్లికి ఊరికే ఏడుపు రావడం, చిరాకు, మామూలు విషయమే, చాలామందికి వస్తుంది, రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. మూడో నెలలో కూడా ఉందంటే అది వేరు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావొచ్చు, దానితో పాటు ఆందోళన కూడా. నయమవుతుంది, చూపించుకుంటే త్వరగా నయమవుతుంది. పాలిస్తోంది కదా మందులెలా అంటారు, పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి, డాక్టరుకి ఆ మాట ముందే చెప్పండి. నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనీ విడదీయకుండా కలిపి ఉంచి చూసే వార్డు కూడా ఉంది, అంటే ఇది ఎంతమందికి వస్తే దానికోసం వార్డు కట్టారో ఆలోచించండి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఎవరో మాట్లాడుతున్నట్టు తనకి వినిపిస్తోందన్నా, బాబుని ఎవరో మార్చేశారనో ఏదో చేస్తున్నారనో అనుమానపడినా, తనని తాను గానీ బాబుని గానీ ఏమైనా చేసుకోవాలన్న మాట వచ్చినా, రెండు రాత్రులు అసలు నిద్రే లేకుండా మరీ హుషారుగా ఉన్నా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. తల్లినీ బిడ్డనీ ఆ కాసేపు కూడా ఒంటరిగా వదలొద్దు.

తాయెత్తు మీద మీ అత్తగారితో యుద్ధం పెట్టుకోకండి, ఉండనివ్వండి, దానివల్ల నష్టం లేదు, దాంతో ఆగిపోతేనే నష్టం. మీ అమ్మగారికి మాత్రం మీరే చెప్పాలి, మీ ఆవిడచేత చెప్పించకండి. పదిమందిని కన్న కాలంలో కూడా ఇది ఉంది, బాలింత పిచ్చి అని ఊళ్ళల్లో ఒక మాటే ఉండేది, మూల గదిలో పెట్టి తలుపేసేవాళ్ళు, అంతే తేడా. ఆ మాట అమ్మ దగ్గర తీసి చూడండి, ఎవరో ఒక పిన్ని, ఒక వదిన గుర్తొచ్చి ఆవిడే చెబుతుంది.

మీరు చేయగలిగింది ఒకటుంది, మందు కంటే ముందు ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. తనకి వరసగా నాలుగైదు గంటలు నిద్ర కావాలి. రాత్రి తొమ్మిదికి పాలిచ్చి తను వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి, రెండింటి దాకా బాబు మీ డ్యూటీ. పాలు పిండి పెట్టుకోవడం కుదురుతుందా, మధ్యలో ఒకసారి ఏం పట్టొచ్చు అన్నది పిల్లల డాక్టరుని అడగండి. మర్నాడు మీటింగులో ఆవలిస్తారు, ఆవలించండి. ఇంకా, "నీకేం తక్కువ, బంగారం లాంటి బాబు" అన్న మాట ఇంట్లో నిషేధించండి. అది వినగానే తనకి ఇంకో నేరం తోడవుతుంది.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం, ఎలక్ట్రానిక్ సిటీలో చేస్తాను, బీటీఎంలో ఉంటాను. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలయ్యాక దాంట్లోనే వెళ్ళేదాన్ని. ఒకరోజు రద్దీలో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఊపిరాడక చచ్చిపోతున్నా అనిపించింది. ఈసీజీ తీశారు, నార్మల్. గ్యాస్ అన్నారు. మళ్ళీ రెండుసార్లు అలాగే అయింది. ఇప్పుడు మెట్రో ఎక్కట్లేదు, సగం జీతం క్యాబ్‌లకే. ఇంటి దగ్గర క్లినిక్‌లో అల్ప్రాజోలం అని ఆందోళన తగ్గించే మాత్ర ఇచ్చారు, అది బ్యాగులో లేకపోతే బయటికి రాలేకపోతున్నా.

జవాబు: ఇది ప్యానిక్ అటాక్‌లా ఉంది. ఈసీజీ బాగుందన్నారు కాబట్టి థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూపించుకుంటే ఇంక గుండె గురించి తలచుకోవాల్సిన పని తగ్గుతుంది. ప్యానిక్ అటాక్ వచ్చినప్పుడు చచ్చిపోతామనే అనిపిస్తుంది, అందులో నీ పిరికితనం ఏమీ లేదు. శరీరం పాము కనిపించినప్పుడు చేసే హడావిడి అంతా పాము లేకుండానే చేస్తుంది. మామూలుగా పది నిమిషాల్లో తారాస్థాయికి వెళ్ళి, ఆ తర్వాత దానంతట అదే దిగుతుంది. పరిగెత్తి దిగిపోయినా దిగుతుంది, కూర్చున్నా దిగుతుంది. కానీ పరిగెత్తి దిగిపోతే, దిగాను కాబట్టే బతికాను అని మెదడు రాసి పెట్టుకుంటుంది. నువ్వు మెట్రో మానేయడం అలా వచ్చింది. రేపు లిఫ్ట్, ఎల్లుండి సినిమా హాలు మానేస్తావు.

కాబట్టి క్యాబ్‌లు తగ్గించాలి, ఒక్కసారిగా కాదు. రద్దీ లేని వేళ, ఆదివారం మధ్యాహ్నం, బీటీఎం లేఅవుట్‌లో ఎక్కి సిల్క్ బోర్డులో దిగు. ఒక్క స్టేషన్. మొదటిసారి తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళు. దడ వస్తే రానివ్వు, ఊపిరి లోపలికి పీల్చడం కంటే బయటికి నెమ్మదిగా వదలడం మీద ధ్యాస పెట్టు, గబగబా పీలిస్తేనే చేతులు తిమ్మిర్లెక్కి తల తిరుగుతుంది. అది విసుగు పుట్టేదాకా చేసి తర్వాత బొమ్మనహళ్ళి దాకా, ఆ తర్వాత కూడ్లు గేట్ దాకా. దీన్నే పద్ధతిగా చేయించేవాళ్ళు క్లినికల్ సైకాలజిస్టులు, ఆలోచననీ అలవాటునీ మార్చే ఆ చికిత్సని సీబీటీ అంటారు, ప్యానిక్‌కి బాగా పనిచేస్తుంది, ఒంటరిగా కుదరకపోతే వాళ్ళ దగ్గరికి వెళ్ళు. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఏం చదివారో అడుగు, అడిగితే తప్పేం లేదు, వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు. పొద్దున్నే ఖాళీ కడుపున రెండు ఫిల్టర్ కాఫీలు తాగి ఎక్కుతున్నావా? అయితే అది కూడా తగ్గించి చూడు.

ఆ మాత్ర గురించి. అల్ప్రాజోలం వేసుకున్న అరగంటలో హాయిగా ఉంటుంది, అందుకే దాన్ని వదలడం కష్టం. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోతుంది శరీరం. ఇది ఏమిటో నీకు చెప్పకుండానే ఆ చీటీ రాసి ఇవ్వడం నాకు నచ్చలేదు. ఎన్నాళ్ళుగా, రోజుకి ఎన్ని వేసుకుంటున్నావో నువ్వు రాయలేదు. రోజూ వేసుకుంటూ ఉంటే మాత్రం ఈ పేజీ చదివి రేపటి నుంచి మానేస్తానని కూర్చోకు, ఉన్నట్టుండి ఆపితే దడ రెట్టింపు అవుతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావొచ్చు. సైకియాట్రిస్టుకి మాత్రల అట్ట చూపించు, కొంచెం కొంచెంగా ఎలా తగ్గించాలో వాళ్ళు రాసిస్తారు.